దానంతటదే కదిలే బాణం

ఏప్రిల్ 6, ఆదివారం

తొడలో కడ్డీ వేసి కుట్లు వేశారు. నిన్న ఆస్పత్రి నుంచి అక్క ఇంటికి తెచ్చారు. ముందు గదిలో మంచం. కాలు నేల మీద మోపకూడదన్నాడు డాక్టరు. ఎప్పటిదాకా అని అడిగితే ఎక్స్‌రే చూసి చెబుతానన్నాడు. అందాకా కడపలోనే ఉండమంది అక్క.

మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి దిగుతూ పడ్డాను. రోజూ ఎక్కి దిగే మెట్లే.

పెద్ద ఈరన్న మామ మా ఊరు ఎర్రగుంట్ల నుంచి బస్సులో వచ్చాడు. లారీ ఓనర్ల సంఘానికి పెద్ద ఆయనే. బత్తాయిలు తెచ్చాడు. కాలి సంగతి అడిగాడు. తర్వాత చాలాసేపు ఫ్యాను వైపు చూశాడు.

"సీరియల్ సంగతి ఏం జేద్దామమ్మా?" అన్నాడు చివరికి.

ఆ మాట కోసమే వచ్చాడని తెలుసు. మా ఊరి లారీలన్నీ సిమెంటు ఫ్యాక్టరీ లోడు మీదే బతుకుతాయి. ఏ బండి ముందు, ఏది వెనక అనే వరసే సీరియల్, అది నా చేతిలో ఉంది. ఖాళీ అయి తిరిగొచ్చిన బండిని అడుగున చేరుస్తాను. ఎన్ని బండ్లు కావాలో ఫ్యాక్టరీవాళ్ళు పొద్దున మెయిలులో చెబుతారు, సాయంత్రం లోపల పైనుంచి అన్ని పేర్లు కంప్యూటరే వాళ్ళకు పంపిస్తుంది. అంతే పని. టీ బంకు దగ్గర నల్లబోర్డు మీద రాసే రోజుల్లో దీనికోసం తలలు పగిలాయి. కంప్యూటరు కోర్సు చేసిన కోడలు ఉందని సంఘంవాళ్ళు కంప్యూటరు తెచ్చి మా ఇంట్లో పెట్టారు. తెరను కిటికీ వైపు తిప్పి పెట్టాను. అరుగు మీద కూర్చున్న ఎవరికైనా వరస కనబడుతుంది. అప్పటి నుంచి ఒక్క గొడవ లేదు. ఊళ్ళో నాకున్న పేరు అదొక్కటే.

"నువ్వు లేవలేవు. నీ మొగుడేమో బండి మీద ఉంటాడు. మీ అత్తకు చదువు రాదు. టీ బంకు భూపేషు నేను చూసుకుంటా అంటాండాడు. కంప్యూటరు ఆడికి మార్చేదా?"

"కొన్ని దినాలు ఆగు మామా."

"నేను ఆగుతా, అందాక కాగితం మీద రాసి నెట్టుకొస్తా. ఒక్క బండి వరస తప్పినా జనం ఆగరు మల్ల."

ఆయన పోయాక బత్తాయి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఒలవలేదు.

ఏప్రిల్ 8

నొప్పి.

ఏప్రిల్ 11

మేడ మీద అద్దెకుండే జెస్సీ మేడం చూడటానికి వచ్చింది. కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. మాటల్లో సీరియల్ సంగతి చెప్పాను.

"మీ ఇంట్లో ఇంటర్నెట్ ఉండాదా?" అంది.

"ఉండాది మేడం. దాని మీదే గదా ఫ్యాక్టరీ మెయిలు వచ్చేది."

"అయితే దాన్ని యాడికీ మార్చొద్దు. నువ్వే ఈడ పండుకుని దాన్ని నడపొచ్చు."

"ఫోన్లో చెప్తే మా ఆయన చేస్తాడా ఏంది? ఆయనకు మౌస్ పట్టుకునేదే రాదు."

"ఆయన గాదు, నువ్వే. ఈడ నీ వేలు కదిలితే ఆడ మీ ఇంట్లో బాణం కదులుతాది."

నవ్వాను. నవ్వితే కుట్ల దగ్గర లాగింది.

"నవ్వుతాండావు గదా, ఆదివారం చూపిస్తా ఉండు," అంది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జెస్సీ మేడం తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి మంచం మీద, నా ఒళ్ళో దిండు పెట్టి దాని మీద పెట్టింది. అక్కడ మా ఆయన ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫోను స్పీకర్లో పెట్టాం. ఒక ప్రోగ్రాము దింపుకోవాలి. ఆయన మౌస్‌ను గేరు రాడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటాడని నాకు తెలుసు. అది వినబడుతోంది కూడా.

"ఒత్తినా మేడం. ఏదో గుండ్రంగా తిరుగుతాంది."

"తిరగనీ అన్నా."

"ఇంకా తిరుగుతాంది."

"తిరగనీ."

చివరికి తొమ్మిది అంకెలు వచ్చాయన్నాడు. బండి నంబర్లు చదివినట్టే రెండేసి చొప్పున చదివాడు. తర్వాత పాస్‌వర్డు. ఊరి పేరు వద్దు, బండి నంబరు వద్దు, దేవుడి పేరు అసలే వద్దు అంది మేడం.

"ఇంకేం మిగిల్నాయి మేడం మాకు?"

అక్క వంటింట్లోంచి నవ్వింది. మేడం అక్షరాలూ అంకెలూ కలిపి పొడుగాటిది ఒకటి చెప్పింది. ఒక్కో అక్షరం ఆయన తిరిగి పలికాడు.

"దాన్ని రాసి పెట్టుకోన్నా. మర్చిపోతే మల్ల మొదటికొస్తాం."

"పోని చోట రాసి పెడతా లే మేడం."

మేడం ల్యాప్‌టాప్‌లో ఆ అంకెలు కొట్టింది. పాస్‌వర్డు కొట్టింది. తెర నల్లబడింది. అంతలో మా ఇల్లు వచ్చింది.

ఇల్లు కాదు, మా కంప్యూటరు తెర. నేను పెట్టుకున్న బొమ్మ, నేను వరసగా పేర్చిన గుర్తులు, ఒక మూల నేను ఎప్పటికీ తుడిచేయని పాత ఫైలు. పడిపోయిన రోజు పొద్దున ఎలా వదిలి మెట్లెక్కానో అలాగే ఉంది. ఇల్లు విడిచిన ఇన్నాళ్ళకు నా చెప్పులు నేను విడిచిన చోటే చూసినట్టు అనిపించింది.

"కదుపు," అంది మేడం.

వేలు కదిపాను. బాణం కదిలింది. ఇక్కడ కదలడం పెద్ద వింత కాదు. ఫోన్లోంచి కుర్చీ కింద పడిన చప్పుడు వచ్చింది.

"మే! మే స్వర్ణా! నేను ముట్టుకోలేదు! చేతులు పైకెత్తినా సూడు, దానంతట అదే పోతాంది!"

"నేనే," అన్నాను.

లారీ ఇంజను విప్పి మళ్ళీ బిగించే మనిషి ఆయన. బాణం వెంట ఆయన ఊపిరి వినబడుతోంది. సీరియల్ తెరిచాను. ఖాళీ అయి వచ్చిన బండ్లను అడుగున చేర్చాను. విరిగిన కాలు మంచం మీదే ఉంది. నేను మా ఇంట్లో ఉన్నాను.

ఏప్రిల్ 14

ఈరన్న మామకు ఫోను చేశాను. "చూసినా లేమ్మా. అరుగు మీద నిలబడి చూసినా. కండ్లారా చూసినా గూడా నమ్మబుద్ధి గాలేదు," అన్నాడు. కంప్యూటరు ఎక్కడికీ పోదు.

ఏప్రిల్ 17

రోజూ పొద్దున టీ తాగి లోపలికి పోతాను. "ఇంటికి పోయి వస్తా" అని అక్కతో అంటున్నాను. మొదట తమాషాకు అన్నాను. ఇప్పుడు అలాగే వస్తోంది.

నేను వచ్చే వేళకు అరుగు నిండిపోతోందట. లోడుకు పోనివాళ్ళు కూడా వచ్చి కూర్చుంటున్నారు. ఫోను స్పీకర్లో పెట్టి కిటికీలో ఉంచుతారు. వాళ్ళ మాటలు నాకు వినబడతాయి.

"వచ్చె, వచ్చె, స్వర్ణక్క వచ్చె."

"యాడ?"

"అదిగో, బాణం మేలుకునింది."

"కడప నుంచి ఇంత బిరీన యట్ల వచ్చింది రా? బస్సుకు గంటన్నర పడతాది!"

"టోల్‌గేటు లేదు గదప్పా."

ఆ చివరి మాట ఉరుకుందప్పది. ఆదోని వైపు మనిషి. బండి ఒకటి కొనుక్కుని పని కోసం ఇటు వచ్చాడు. ఊళ్ళో ఇల్లు లేదు. మా అరుగు మీదే తిండి, పడక. సీరియల్‌లో తరచుగా మా బండి వెనకే ఆయన బండి వస్తుంది.

అత్త స్టూలు లాక్కుని తెర ముందే కూర్చుంటోందట. ఆమె అరుగు వైపు పోదు. లోపలే, బాణానికి ఎదురుగా.

"ఏం చూస్తావత్తా అంతసేపు?" అని అడిగాను.

"నువ్వు ఇల్లంతా తిరిగినెట్లే ఉంటాది."

ఆమెకు చదువు రాదు. అంకెలు కూడా పలకదు. బొమ్మలుగా చెబుతుంది. మా బండి 4417. నాలుగు అంకెను తలకిందులుగా పెట్టిన కుర్చీ అంటుంది. ఆమె భర్త, మా మామ పోయాక బండి ఆమె పేరుకు మార్చినప్పుడు వేలిముద్ర వేసి వచ్చి, "రెండు కుర్చీలు, ఒక కట్టె, ఒక కొడవలి. నాదే బండి," అని నవ్వింది. తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. అందరికీ అది ఆయన బండే. నాకూ అంతే.

ఏప్రిల్ 22

పొద్దున మా బండి మూడో చోట ఉంది. సాయంత్రం చూస్తే అయిదో చోట ఉంది. ఉరుకుందప్ప బండి పైకి వచ్చింది. మందుల మత్తులో నేనే తప్పుగా పెట్టి ఉంటాను. సరిచేయబోతే, అప్పటికే ఫ్యాక్టరీకి పేర్లు పోయాయి. ఎవరూ అడగలేదు. మా బండి వెనకబడితే ఎవరు అడుగుతారు?

ఏప్రిల్ 25

మళ్ళీ. మొన్న సాయంత్రం చూస్తే మా బండి కిందికి దిగి ఉంది, ఈసారి నా తప్పు కాదు. ఒకటికి రెండుసార్లు చూసి పెట్టాను.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. రేణిగుంటలో ఖాళీ చేసుకుని దారిలో ఆగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సిమెంటు దుమ్ము. బండికి ఎడమవైపు అద్దం లేదని అక్క చూసి అడిగింది. చెట్టుకొమ్మ తగిలిందన్నాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే నిద్రపోయాడు. ఎండలో వచ్చాడు కదా.

సీరియల్ సంగతి ఆయనకు చెప్పాను.

"వెనక్కి పోతే పోయింది లే, ఇంకో ట్రిప్పు వేస్తా," అన్నాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

"నిన్ను చూసేదానికి ఎంతమంది వచ్చినారో చూడు," అని ఆయన వీడియో కాల్ చేశాడు. అరుగంతా తిప్పి చూపించాడు. అందరూ చేతులూపారు. ఉరుకుందప్ప గోడకు ఆనుకుని ఉన్నాడు. కిటికీ పక్క గోడ అది. బయటి గోడ. అక్కడే మేం నంబర్లు రాస్తాం. పశువుల డాక్టరు, గ్యాస్ బండి, లైన్‌మ్యాను, పంచరు అంగడి. అన్నీ బొగ్గుతో. కాగితం పోతుంది, గోడ పోదు. పోయిన మా మామ రాసిన నంబర్లు కూడా ఇంకా ఉన్నాయి.

వాటి కింద కొత్త బొగ్గుతో తొమ్మిది అంకెలు. వాటి కింద పొడుగాటి పాస్‌వర్డు. కొట్టొచ్చినట్టు కనబడేలా పెద్ద అక్షరాలతో.

జెస్సీ మేడం నా పక్కనే ఉంది. 

"అన్నా," అంది, "ప్రపంచంలో ఎవనికీ తెలీకుండా తాళం వేసిస్తి. నువ్వు తాళంచెవి తెచ్చి అరుగు మీద పెట్టినావు."

"పోని చోట రాయమంటివి గద మేడం!"

అరుగంతా నవ్వింది. నేను ఉరుకుందప్పను చూశాను. ఆయనా నవ్వుతున్నాడు. ఆయన చేతిలో పెద్ద ఫోను ఉంది.

ఏప్రిల్ 28

మేడం కాలేజీ నుంచి వచ్చి కూర్చుంది. పాస్‌వర్డు మార్చాం. కొత్తది ఆయనకు కూడా చెప్పలేదు. ఈ ఒక్క ల్యాప్‌టాప్ తప్ప వేరే ఏ ఫోను నుంచి వచ్చినా తలుపు తీయకుండా పెట్టింది. ఇక్కడి నుంచి లోపలికి పోవాలన్నా నా ఫోనుకు అంకెలు వస్తాయి, అవి కొట్టాలి. "రెండు తాళాలు. ఒకటి తెలిసినా రెండోది నీ చేతిలో ఉంటాది," అంది. ఎవరు ఎప్పుడు వచ్చారో కూడా ప్రోగ్రాములో చూడొచ్చట.

కంటికి కనబడని తలుపుకు ఇన్ని గడియలు ఉంటాయని నాకు తెలియదు. మా ఇంటి తలుపుకు గడియ సరిగా పడదు. ఊరికి పోతే తాళంచెవి దూలం మీద పెట్టి పోతాం. అది అందరికీ తెలుసు.

గోడకు సున్నం కొట్టమన్నాను. మామ రాసినవి పోతాయని ఆయన ఆ రెండు వరసలే పూశాడట.

ఏప్రిల్ 30

వరస సరిగ్గా ఉంది. నిన్న కూడా. అంటే నేను అనుకున్నదే.

మే 2

మళ్ళీ.

ఇది రాయకుండా ఉండాలనుకున్నాను. రాస్తున్నాను.

సాయంత్రం చూస్తే మా బండి ఉరుకుందప్ప బండి కింద ఉంది. పాస్‌వర్డు మారింది, రెండు తాళాలు ఉన్నాయి. అయినా ఎలా వచ్చాడో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడంతో ఇంకా కోపం వచ్చింది. ఇంటికి ఫోను చేశాను. ఆయన నిద్రపోతున్నాడు. అత్త ఎత్తింది. ఫోను కిటికీలో పెట్టమన్నాను.

"ఉరుకుందప్పా, ఉండావా?"

"ఉండానక్కా."

"నా సీరియల్‌లో చేయి పెట్టింది నువ్వేనా?"

అరుగు మీద చప్పుడు ఆగిపోయింది.

"మాకు తెలీదనుకున్నావా? మా బండి దిగిన ప్రతిసారీ నీ బండే ఎక్కుతాంది. గోడ మీది నంబరు దినామూ ఆనుకుని కూచునేది నువ్వే."

"అక్కా," అన్నాడు, "నాకు ఈ ఊర్లో మీ అరుగు తప్ప ఇల్లు లేదు. దుడ్లు కావల్లంటే నోరు తెరిచి అడుగుతా. ఇయ్యకపోతే పస్తు పండుకుంటా. అంతేగాని ఇంకోని వరస తినేవాణ్ణి గాదు." గొంతు తగ్గించాడు. "మౌస్ అంటే నాకు ఇంకా బయ్యం అక్కా. కందిరీగల గూట్లో చేయి పెట్టినెట్లుంటాది."

ఎవరూ నవ్వలేదు. చాప చుట్టుకుని లారీ కిందికి పోయాడని తర్వాత తెలిసింది.

అత్త ఫోను పట్టుకునే ఉంది. ఒక్క మాట అనలేదు.

మే 3

ఈరన్న మామ ఫోను. "పది మందిలో అంటివి. అని ఊరుకుంటే కుదర్దు. వాడైతే వాణ్ణి సంఘంలోంచి తీసేస్తాం. వాడు గాకపోతే కంప్యూటరు భూపేషు ఇంటికి పోతాది. నీ మీద కోపం గాదమ్మా. వరస మీద నమ్మకం పోతే మల్ల తలలు పగుల్తాయి. ఆదివారం లోపల తేల్చు."

జెస్సీ మేడం ల్యాప్‌టాప్ తెరిచి ఎవరెవరు వచ్చారో చూసింది. మొదటి నుంచీ చూసింది.

"బయటి నుంచి వచ్చింది నువ్వొక్కదానివే. గోడ మీది నంబరు చూసి ఎవడూ రాలేదు."

"మల్ల యట్ల జరిగింది?"

"చేయి ఇంట్లోదే అయ్యుంటాది."

ఇంట్లో ఉండేది ఇద్దరు. ఆయన తన బండిని తానే వెనక్కి జరుపుకోడు. అత్తకు చదువు రాదు.

మే 4, ఆదివారం

మామ చెప్పిన ఆదివారం ఇది కాదు, వచ్చేది. అత్తకు చదువు రాదు.

మే 5

మధ్యాహ్నం. ఎండకు అరుగు మీద ఎవరూ ఉండరు, అందరూ లారీల కింద పడుకుంటారు. ఆయన రాత్రంతా బండి నడిపి వచ్చి నిద్రపోతుంటాడు. ఆ వేళ చూసి లోపలికి పోయాను. లోపలికి పోయి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. వేలు కూడా కదపలేదు.

సీరియల్ తెర మీద ఉంది. బాణం నేను పొద్దున వదిలిన మూలలో ఉంది.

చాలాసేపు ఏమీ లేదు. అక్క వచ్చి మజ్జిగ పెట్టి పోయింది.

బాణం కదిలింది.

నేను కదపలేదు. ఆ రోజు ఆయన కుర్చీ ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది. ఒంటి మీద వెంట్రుకలు లేచాయి.

కొంచెం పోయి ఆగింది. మళ్ళీ కొంచెం పోయి ఆగింది. ఆయన పట్టుకుంటే బాణం ఈ చివర నుంచి ఆ చివరకు దూకుతుంది. ఇది అలా కాదు. రెండడుగులు వేసి, నడుం మీద చేయి పెట్టుకుని, చుట్టూ చూసి, మళ్ళీ రెండడుగులు. ఆ నడక నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో చేనికి పోయేటప్పుడు ఆ నడక వెనకే నడిచాను. మనిషిని వీపు చూసి గుర్తుపట్టవచ్చు, దగ్గు విని గుర్తుపట్టవచ్చు. తెర మీద వేలెడు లేని గుర్తును చూసి గుర్తుపట్టవచ్చని ఎవరూ చెప్పలేదు.

బాణం నంబర్ల మీదుగా ఒక్కొక్కటే దిగింది. 4417 దగ్గర ఆగింది. దాన్ని పట్టుకుంది. కిందికి లాగింది. మధ్యలో జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. ఉరుకుందప్ప బండి కింద పెట్టింది. నిండు బిందె దించినట్టు, కుదురుగా. పెట్టి పక్కకు జరిగింది.

అప్పుడు నా వేలు కదిపాను. ఎందుకు కదిపానో తెలియదు. బాణం ఆమె చేతికీ నా చేతికీ మధ్య ఒకసారి వణికి ఆగిపోయింది.

ఫోను మోగింది.

"స్వర్ణా?"

"ఊ."

"చూస్తాండావా?"

"చూస్తాండా అత్తా."

అత్త స్టూలు ముందుకు లాక్కున్న చప్పుడు వినబడింది.

"యట్ల నేర్చుకున్నావు?" అన్నాను. అడగాల్సింది అది కాదు. అదే వచ్చింది.

"నువ్వే గదా నేర్పిస్తివి. దినామూ వచ్చి జరుపుతాండావు. స్టూలేసుకుని చూస్తిని. నువ్వు పట్టుకుంటే ఆ గీత నీలంగా అయితాది. ఇడిస్తే తెల్లగా అయితాది. నీలంగా ఉన్నంతసేపు ఇడవగూడదు."

నేను కోర్సులో ఒక వారం నేర్చుకున్నది.

"ఎందుకత్తా?"

"వాడు ఘాటు రోడ్డులో బండి తోలుతా నిద్రపోయినాడు. పిట్టగోడ ఆపింది. అద్దం పోయింది ఆడనే. కొమ్మ లేదు, ఏం లేదు. నీకు చెప్తే మంచం దిగి వస్తావని నా నెత్తి మీద చేయి పెట్టి ఒట్టు వేయించుకున్నాడు. చెప్పకూడదన్నాడు, చెప్పలేదు. ఆపకూడదని అనలేదు గదా."

"ఆయనతో చెప్పి ఆపొచ్చు గదా."

"చెప్తే ఇంటాడా? ఆస్పత్రి ఖర్చు అంటాడు. సీరియల్ వచ్చిందంటే చాలు లేస్తాడు. రాకపోతే లేవడు, పండుకుంటాడు. అందుకని రాకుండా జేసినా." ఆమె గొంతు మారలేదు. "ఉరుకుందప్ప సంగతి నేను అనుకోలేదు. వాణ్ణి అంటాంటే నోరు రాలేదు నాకు. ఆపొద్దు నుంచి అన్నం దిగలేదు."

అక్క పెట్టిపోయిన మజ్జిగ గ్లాసు పక్కకు జరిపాను.

"నీ తావుకు గూడా వచ్చినాడు గదా. నువ్వు చూల్లేదా?"

చూశాను. రాసుకున్నాను కూడా. సిమెంటు దుమ్ము అని రాసుకున్నాను.

4417ను దాని చోట పెట్టాను. అత్త చూస్తూ ఉంది. బాణాన్ని అడ్డుకోలేదు.

మే 6

ఈరన్న మామకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. 

"కృష్ణవేణమ్మా?" అన్నాడు, అత్తను పేరు పెట్టి.

"అవును మామా."

"మీ మామ బోర్డు చెరిపినోని చేయి ఇరగ్గొట్టినాడు తెలుసునా, తన బండి ఒక్క వరస దిగిందని. ఆయన పెండ్లాము కావాలని దించిందా!"

"దించినా తప్పే మామా. ఎక్కినోని వరస అబద్ధమే గదా."

"తప్పే." అన్నాడు. "అది సరే గానీ, బండి ఎవురి పేరు మీద ఉండాది?"

"అత్త పేరున."

"ఓనరు రెస్టు అడిగితే బండిని పక్కన పెట్టేది మన రూలే గదమ్మా. నోరు తెరిచి అడిగింటే సరిపోయేది. తన బండిని తానే దొంగతనంగా జరుపుకునే ఓనరును నేను యాడా చూల్లేదు."

నేనూ చూడలేదు. ఆ సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఆమెకు కూడా.

కంప్యూటరు ఉంటుంది. ఇంకో చేయి పడకుండా చూసుకోమన్నాడు.

తర్వాత ఉరుకుందప్పకు చేశాను. ఫోను కిటికీలో పెట్టించి, అన్నది పది మందిలో కాబట్టి పది మందిలోనే చెప్పాను. నేను అన్నది తప్పు అని.

"పోనీలే అక్కా. లారీ కింద ఎండకు పెనం మీద రొట్టె అయితాండా. అరుగు మీదికి వస్తే చాలు." తర్వాత గొంతు పెంచాడు. "అవ్వా, ఇంకో నాలుగు సార్లు జరిపింటే నాకు కొత్త టైర్లు వచ్చేవి గదవ్వా!"

అరుగు నవ్వింది. అత్త ఏదో తిట్టింది. తిట్టు వినబడలేదు, తిట్టిన తీరు వినబడింది. ఈ మధ్యాహ్నం అన్నం తిన్నదట.

మా ఆయన మాత్రం కోపంగా ఉన్నాడు. "నా బండిని నన్నడక్కుండా—"

"నీది గాదు లే," అంది అత్త వెనక నుంచి.

మే 7

జెస్సీ మేడంతో కూర్చుని సీరియల్‌కు కూడా తాళం వేశాను. తెర మీద వరస అందరికీ కనబడుతుంది. జరపాలంటే మాత్రం అంకెలు అడుగుతుంది. అవి ఏ గోడ మీదా లేవు. నా తలలో ఉన్నాయి. ఇక్కడ కూడా రాయను.

మే 8

పొద్దున ఇంటికి పోయాను. అరుగు నిండుగా ఉంది. 4417 రెండో చోట ఉంది. ఈ రోజు లోడు తప్పకుండా వస్తుంది.

"అత్తా, ఉండావా?"

"ఈడనే ఉండా."

"నాలుగు నాలుగు పదిహేడు ఈ పొద్దు పోవల్లనా, ఆగల్లనా?"

"నన్నా అడిగేది?"

"ఓనరువి నువ్వే గదా."

లోపలి గదిలోంచి ఆయన గురక ఫోన్లో నాకు కూడా వినబడుతోంది.

"ఆగనీ," అంది. తర్వాత గట్టిగా, బయటికి వినబడేలా, "నా బండి ఈ పొద్దు ఆగుతాది," అంది.

4417ను పట్టుకుని పక్కన, రెస్టు గడిలో పెట్టాను. మిగతా బండ్లన్నీ వరసగా ఒక్కో మెట్టు పైకి జరిగాయి. తాళం వేశాను.

బయటికి వచ్చేయాలి. రాలేదు. వేలు తీసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

"అత్తా, పట్టుకో."

"వద్దు లే."

"తాళం వేసినా. ఏమీ కదలదు. బాణమే కదులుతాది. పట్టుకో."

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బాణం కదిలింది. రెండడుగులు వేసి ఆగింది. నంబర్ల జోలికి పోలేదు. తెర అంచుకు పోయి, అంచు వెంబడే కిందికి దిగింది. అడుగున మలుపు తిరిగింది. గట్టు వెంబడి చేను చుట్టి వచ్చినట్టు, ఆగుతూ నడుస్తూ, తెరంతా చుట్టి మొదలైన చోటికి వచ్చి నిలబడింది.

"చూస్తివా?" అంది అత్త.

"చూస్తి."

అక్క వచ్చి టీ చల్లారిపోయిందని తిట్టి, వేరేది పెట్టి పోయింది.